ఎనిమిదో గూడు

గురువారం రాత్రి పదకొండుకు
షువైఖ్ రేవు పక్కన, చేపల కోల్డ్ స్టోరేజీ మేడ మీద
నా గస్తీ మొదలవుతుంది.
నేను నడిచేది పది అడుగులే.
మిగతా దారంతా డిస్కుల లోపల,
మొదటి గడి నుంచి చివరి గడి దాకా
ఎవరూ అడగని చోటు కూడా వదలకుండా
చదివి, తడిమి, చెడిందేమోనని చూసుకోవడం.
తెరవని పుస్తకానికే కదా ముందు చెద పట్టేది.

బయట జూలై. ఈ వేళప్పుడు కూడా నలభై.
లోపల పద్దెనిమిది.
కువైట్‌లో నేను చలికి వణికే ఉద్యోగం చేస్తున్నానంటే
చిట్వేలిలో ఒక్కరూ నమ్మలేదు.

ఎనిమిది గూళ్ళ పెట్టె.
ఏడింటికి పని.
ఏ గదిలో ఎన్ని టన్నుల జుబైదీ, ఏ లారీ ఏ గేటు దాటింది,
ఎవరు ఎంత బాకీ,
అన్నీ ముక్కలు చేసి ఏడుగురికీ పంచి
పంచిన ప్రతిసారీ ఒక లెక్క అదనంగా కట్టిపెడతాం.
ఒకడు పడిపోతే
మిగిలిన ఆరుగురినీ అడిగి వాడి మాట మళ్ళీ రాయొచ్చు.
ఇద్దరు పడితే రాయలేం.
ఇది తెలిస్తే నా ఉద్యోగం తెలిసినట్టే.

ఎనిమిదోది ఉత్తినే తిరుగుతుంటుంది.
దాన్లో ఒక్క అక్షరం లేదు.
మూడేళ్ళుగా కరెంటు తింటూ, పచ్చదీపం వెలిగించుకుని
ఎవడో ఒకడు పడాలని...
కాదు, పడితే నేనున్నానని.
రెంటికీ తేడా ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

జిలీబ్‌లో మా గదిలో ఖాజాపీరు అట్లాగే ఉండేవాడు.
వచ్చి నాలుగు నెలలు, కంపెనీ పిలవలేదు.
అందరికన్నా ముందు లేచి, నీళ్ళు పోసుకుని,
బూట్లు తుడుచుకుని మంచం అంచున కూర్చునేవాడు.
మేం డ్యూటీలకు పోయాక
గది ఊడ్చి, సంగటి కెలికి, ఊరిబిండి నూరి పెట్టేవాడు.
"ఉత్తపుణ్యానికి తినకూడదు గదన్నా" అనేవాడు,
మేమెవరం ఏమీ అనకపోయినా.

మంగళవారం శుఐబాలో ఓబులేసు నిచ్చెన మీంచి జారాడు.
తొడ ఎముక.
ఆస్పత్రి కాగితం నింపడానికి మేమంతా కూర్చున్నాం.
రక్తం గుంపు రెడ్డెప్పకు తెలుసు,
సివిల్ ఐడీ నంబరు నాకు,
వాళ్ళక్క ఫోను నాగసుబ్బయ్యకు.
మందు మత్తులో ఉన్న మనిషిని
మా మా జ్ఞాపకాల్లోంచి గడి గడికీ కూర్చాం.
ఒక గడి మాత్రం నిండలేదు:
షుగర్ ఉందా?
రోజూ వాడితో కలిసి తిన్నవాళ్ళమే.

తెల్లారి ఐదుకు ఫోర్‌మన్ ఫోను: ఇంకోడున్నాడా?
పీరు బూట్లు అప్పటికే తుడిచి ఉన్నాయి.
ఓబులేసు హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుంటూ
గుమ్మం దగ్గర ఆగాడు.
"సంతోషపడకూడదు గదన్నా?"
నేను టీ గ్లాసు కడుగుతున్నట్టు నటించాను.

ఆ వారమే, ఒంటిగంటా నలభైకి, బీప్.
ఐదో గూట్లో నారింజ దీపం.
మోత ఆపాను. కాపీ ఉందో లేదో చూశాను. ఉంది.
లాగేముందు వేలు పెట్టి
నంబరులో చివరి నాలుగంకెలు పైకి చదివాను.
వినేవాళ్ళు లేరు. అయినా చదవాలి.
బాగున్నదాన్ని లాగితే అంతా పోయినట్టే;
చచ్చినదానికంటే పొరపాటు చెయ్యి ప్రమాదం.

ఎనిమిదోది నిద్రలేచింది.
రాయడం మొదలుపెట్టింది, మూడేళ్ళ మౌనం మీద, పరాయివాడి మాటలు.
పంతొమ్మిది గంటలు పడుతుందంది స్క్రీను.
మిగతా ఆరూ తమ పని చేస్తూనే
వాడికి చెప్పి చెప్పి వేడెక్కుతున్నాయి.
అన్నీ ఒకే పెట్టెలో వచ్చినవి, ఒకే వయసువి.
ఒకడికి నడుము పట్టిందంటే పక్కవాడికి ఎన్నాళ్ళు?
షిఫ్టు అయిపోయినా నేను కదల్లేదు.
ఖుబ్జ్ ముక్క నములుతూ శాతాలు లెక్కపెట్టాను.
అరవై ఒకటి దగ్గర నలభై నిమిషాలు ఆగింది.
నాకు తెలిసిన దేవుళ్ళు తక్కువ, అందరూ పనికొచ్చారు.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి అన్నీ పచ్చ.
లాగ్‌లో రాశాను:
ఐదో గూడు ఖాళీ. స్పేర్ లేదు.
కొత్తది కావాలని పోయిన ఏడాదే అడిగాం.
ఆమోదం పెండింగ్.

గదికొచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది.
సంగటి ఎవరూ కెలకలేదు.
పీరు హెల్మెట్ గుండెల మీద పెట్టుకుని
నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
గుమ్మం పక్కన బూట్లు,
సిమెంటు అట్టకట్టి,
తుడవకుండా.